చూడి గొర్రెలకు కావలసింది జలగల మందు కాదు, మేత

ప్రశ్న: అయ్యా, మాది అనంతపురం జిల్లా బెళుగుప్ప మండలం. నెల్లూరు జాతి చూడి గొర్రెలు 55 ఉండేవి. సంక్రాంతికి కాస్త ముందు పొట్టేళ్లను వదిలాము. జూన్ మొదటి వారంలో ఈత మొదలవుతుందని లెక్క. పది రోజుల్లో మూడు చనిపోయాయి. మందకు దూరంగా తల వంచుకుని నిలబడటం, పళ్లు కొరకడం, కళ్లు కనపడనట్టు కంచెకు వెళ్లి గుద్దుకోవడం, రెండు మూడు రోజులకు పడిపోయి ఇక లేవకపోవడం. ఒకదాన్ని కోసి చూస్తే కార్జం పసుపు పచ్చగా ఉంది, వేలు పెడితే చితికిపోయింది. కడుపులో రెండు పిల్లలున్నాయి. మందుల షాపతను ఇది జలగ రోగమని చెప్పి మందు ఇచ్చాడు. రాత్రంతా మేత పెట్టకుండా దొడ్డిలోనే ఉంచి, మర్నాడు పరగడుపున తాగించి, మధ్యాహ్నం దాకా బయటికి తోలలేదు. పది రోజుల తేడాతో రెండుసార్లు అలాగే చేశాము. కార్జం టానిక్కు కూడా పోస్తున్నాము. చనిపోయినవి మూడూ మందలో మంచివే, బక్కవి కావు. మూడో విడత మందు ఎప్పుడు పోయాలి? దాణా పెడదామంటే, పిల్ల పెద్దదై ఈనలేక గొర్రె చచ్చిపోతుందని మా పెద్దలంటారు. నిజమేనా?

జవాబు: మూడో విడత వద్దు. మొదటి రెండు విడతలు కూడా అవసరం లేనివే. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది జలగ రోగం కాదు. చూడి చివరి రోజుల్లో మేత చాలక వచ్చే ప్రెగ్నెన్సీ టాక్సీమియా. నేరుగా చెప్పాలంటే, మీ గొర్రెలను పడగొట్టింది జలగలు కాదు, మేత కొరత. మందు పేరుతో మీరు చేయించిన ఉపవాసం దాన్ని ఇంకా ముదిరేలా చేసింది.

ఎందుకంటున్నానో వినండి. జలగలు పట్టిన కార్జాన్ని కోస్తే పిత్తనాళాలు గట్టిపడి ఉంటాయి, వాటిలోంచి ఆకు ఆకారంలో చదునైన పురుగులు బయటికి వస్తాయి. అవి ఉంటే మీ కంట పడకుండా ఉండవు, ఉన్నట్టు మీరు రాయలేదు. దవడ కింద నీరు దిగిందనీ రాయలేదు. కార్జం లేత పసుపుగా, జిడ్డుగా, చితికిపోయేలా ఉందంటే అందులో కొవ్వు చేరిందని అర్థం. కడుపులో పిల్ల ఎదుగుదల మూడింట రెండు వంతులు చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది. ఆ పిల్లకు కావలసిన చక్కెర తల్లి తిన్న మేత నుంచి రాకపోతే, తల్లి తన ఒంట్లోని కొవ్వును కరిగిస్తుంది. ఆ కొవ్వు కార్జంలో పేరుకుంటుంది, రక్తంలో కీటోన్లనే విష పదార్థాలు పెరుగుతాయి, మెదడుకు చక్కెర అందదు. కంచెకు గుద్దుకోవడం అందుకే.

మంచివే ఎందుకు పోయాయన్నది మీరు ఆశ్చర్యంగా రాశారు గానీ, అసలు ఆనవాలు అదే. డిసెంబరు, జనవరిలో వేరుశనగ పీకిన చేలల్లో రాలిన కాయ, ఆకు, కట్టె తిని బాగా ఒళ్లు చేసిన గొర్రెలు మీ మందలో అవే. ఆ బలం మీద పొట్టేలు దాటినప్పుడు కవలలు నిలిచే అవకాశం ఎక్కువ. నెల్లూరు జాతిలో కవలలు తక్కువే, ఉంటే ఇలాంటి వాటిలోనే ఉంటాయి. తర్వాత మార్చి దాటింది, చేలు ఖాళీ అయ్యాయి, ఏప్రిల్, మే నెలల్లో బీళ్లలో ఎండిన మోళ్లు తప్ప ఏమీ లేవు. రెండు పిల్లలు కడుపును ఆక్రమించాక పొట్టలో మేతకు చోటూ తగ్గింది. అసలే అంచు మీద ఉన్న గొర్రెను మీరు రాత్రి నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా పస్తు పెట్టారు, అదీ రెండుసార్లు. చూడి చివరి నెలన్నరలో ఒక్క పూట కూడా కడుపు మాడ్చకూడదు. మందు తాగించడానికైనా, లారీలో ఎక్కించడానికైనా సరే.

మరొక మాట. చచ్చిన గొర్రెను ఇంటి దగ్గర కోయడం మానుకోండి. ముక్కు నుంచో వెనక నుంచో నల్లటి రక్తం కారి హఠాత్తుగా చచ్చినదైతే అసలు తాకవద్దు. అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ అయితే కోసిన మనిషికే ముప్పు. పశువైద్యుణ్ణి పిలిస్తే పోస్టుమార్టం చేస్తారు.

ఇప్పుడు మిగిలిన 52 గొర్రెల సంగతి. రేపు ఉదయం వాటిని మేతకు తోలకముందే ఒక్కొక్కదాని వెన్ను మీద చెయ్యి పెట్టి చూడండి. చివరి పక్కటెముక వెనక, నడుము దగ్గర, బొటనవేలు ఒకవైపు, నాలుగు వేళ్లు ఇంకోవైపు ఉంచి నొక్కండి. వెన్నుపూసలు రంపం పళ్లలా విడివిడిగా గుచ్చుకుంటే ఆ గొర్రె బక్కది. గుండ్రంగా, నొక్కితే తప్ప తెలియకుండా ఉంటే పరవాలేదు. కంటితో చూసి తేల్చవద్దు, చూడి కడుపు కళ్లను మోసం చేస్తుంది. బక్కవాటినీ, పొట్ట బాగా పెద్దగా ఉన్నవాటినీ, తొలిచూలు గొర్రెలనూ రంగు పూసి వేరుగా కట్టండి. దాణా దగ్గర బలమైనవి వీటిని తోసేస్తాయి.

దాణా మీరే కలుపుకోండి. నూరు కిలోలకు నలగ్గొట్టిన జొన్నలు లేదా మొక్కజొన్న నూక 40 కిలోలు, వేరుశనగ చెక్క 25, తవుడు 32, గొర్రెల కోసం తయారైన ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. పాడి పశువుల మిశ్రమం వాడవద్దు, అందులో రాగి ఎక్కువగా ఉంటుంది, గొర్రె తట్టుకోలేదు. చెక్క కొనేటప్పుడు ముక్క విరిచి వాసన చూడండి. బూజు పట్టినా, ముక్కిన వాసన వచ్చినా ఎంత చవకైనా తీసుకోవద్దు. బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషం ఇప్పటికే దెబ్బతిన్న కార్జాన్ని పూర్తిగా పాడుచేస్తుంది.

మొదటి మూడు రోజులు గొర్రెకు రోజుకు 100 గ్రాములు, తరువాత మూడు రోజులు 150, ఆపై మూడు రోజులు 200, పదో రోజు నుంచి 250 గ్రాములు. ఈ లెక్కన పదో రోజు నుంచి మీ మందకు రోజుకు 13 కిలోలు పడుతుంది. నూరు కిలోలు కలిపితే వారం దాటి ఒక పూట వస్తుంది, అంతకు మించి ఒకేసారి కలపవద్దు. రంగు పూసిన వాటికి చివరి రెండు వారాలు 350 గ్రాములు, ఉదయం సగం, సాయంత్రం సగం. తొందరపడి మొదటి రోజే పావు కిలో పెట్టవద్దు. మీ ప్రాంతంలో కొందరు రేషన్ బియ్యం నానబెట్టి గిన్నెలతో పోస్తారు. అలవాటు లేని గొర్రె ఒక్కసారిగా గింజ తింటే పొట్ట పులిసి, ఉబ్బి, పారుకుని అదే రోజు చావవచ్చు. అప్పుడు దాణా వల్లే పోయిందని నన్ను తిడతారు.

గొర్రెకు అడుగు చొప్పున తొట్టి ఉండాలి. రెండు వైపుల నుంచీ తింటే 26 అడుగులు చాలు. కొత్తగా కొననక్కర్లేదు. మన జిల్లాలో ఎండిన బోరు లేని రైతు ఎక్కడున్నాడు గనుక? మూలన పడి ఉన్న కేసింగ్ పైపును నిలువుగా రెండుగా కోయించి, అంచులు గీసుకోకుండా నునుపు చేయించి, జానెడు ఎత్తున కొయ్యల మీద బిగించండి. నేల మీద పోస్తే సగం మట్టిపాలు, సగం పురుగులపాలు.

రాత్రికి గొర్రెకు అర కిలో వేరుశనగ కట్టె వేయండి, అంటే రోజుకు 26 కిలోలు. కట్టె అయిపోయి ఉంటే కంది పొట్టు. పచ్చిమేతగా రావి, మర్రి, అవిశ కొమ్మలు. సుబాబుల్ దొరికితే మొత్తం పచ్చిమేతలో మూడో వంతుకు మించవద్దు. మే ఎండలో మేపు పొద్దున ఆరు నుంచి పది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు తరువాత. పగలు నీడన ఉంచి నీళ్లు మూడు పూటలు పెట్టండి. మేత కోసం ఊళ్లు దాటించి నడిపించేది చూడి గొర్రెలు కాకుండా చూసుకోండి. వాటిని ఈనేదాకా ఊరి చుట్టుపక్కలే మేపండి. ఆ నడకలో ఖర్చయ్యే శక్తి కడుపులో పిల్లది.

ఇంకో గొర్రె మందకు దూరంగా నిలబడితే షాపుకు పరుగెత్తకండి. పడుకున్న గొర్రెను నెమ్మదిగా లేపండి, సాధారణంగా లేవగానే మూత్రం పోస్తుంది. చిన్న గిన్నెలో పట్టి, మెడికల్ షాపులో దొరికే కీటోన్ పట్టీ ముంచండి, ఊదా రంగుకు తిరిగితే ఇదే జబ్బు. వెంటనే ప్రొపిలీన్ గ్లైకాల్ (ఒంట్లో చక్కెరగా మారే ద్రవం) 60 మిల్లీలీటర్లు ఉదయం, 60 సాయంత్రం, మూడు రోజులు, తల మరీ పైకెత్తకుండా దవడ పక్క నుంచి నెమ్మదిగా తాగించండి. మింగలేని గొర్రెకు తాగించవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బెల్లం నీళ్లతో ప్రయోజనం తక్కువ, ఆ తీపిని పొట్టలోని సూక్ష్మజీవులే ముందు వాడేసుకుంటాయి. పడిపోయినదైతే 1962కు ఫోను చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. సిరలోకి గ్లూకోజు ఎక్కించాలా, కాల్షియం ఇవ్వాలా, ఈత తెప్పించి తల్లిని కాపాడాలా అన్నది పశువైద్యుడు చూసి తేల్చాలి. పడిపోయి ఒక రోజు గడిచిన గొర్రె చాలావరకు దక్కదు. అందుకే నిలబడి ఉన్నప్పుడే పట్టుకోవాలి.

ఇక షాపు వైద్యం. గొర్రెను చూడకుండా, పేడ పరీక్ష చేయించకుండా, కార్జం రంగు విని మందు అమ్మినవాడు మీ గొర్రెకు వైద్యం చేయలేదు, తన సరుకు అమ్ముకున్నాడు. ఈ కార్జం టానిక్కుల మోజు ఏ ఊళ్లో చూసినా ఉంది. దొడ్డి గోడ వెంబడి ఖాళీ సీసాలు వరుసగా ఉంటాయి, గొర్రె వెన్ను మాత్రం చేతికి గుచ్చుకుంటుంది. మేత లేని కార్జానికి టానిక్కు ఏం చేస్తుంది? ఆ సీసాల డబ్బుతో చెక్క కొనండి. అంతకంటే ప్రమాదం, నీరసంగా ఉందని వాళ్లు పొడిచే ఇంజక్షన్లు. అందులో స్టెరాయిడ్ ఉంటే చూడి చివరి దశలో నెలలు నిండని పిల్లను ఈడ్చేస్తుంది. సీసా పేరు చదవకుండా ఏ సూదీ వేయనివ్వకండి.

పురుగుల అనుమానం నిజంగా ఉంటే ఐదారు గొర్రెల పేడను విడివిడిగా కవర్లలో కట్టి, పేర్లు రాసి పశువుల ఆసుపత్రిలో ఇవ్వండి. గుడ్లు కనిపిస్తేనే మందు. పొట్ట పురుగులకైతే ఫెన్‌బెండజోల్ కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, అంటే 30 కిలోల గొర్రెకు 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, మేత మానిపించకుండానే. వచ్చే ఏడాదికి గుర్తుంచుకోవలసింది ఒకటుంది: పొట్టేలు దాటిన మొదటి నెలలో ఆల్బెండజోల్ వాడవద్దు, పిల్లలు అవకరంగా పుట్టవచ్చు.

పెద్దలు చెప్పిన మాటకు వస్తే, కొట్టంలో కట్టేసి మేపి కొవ్వు పట్టించిన గొర్రె విషయంలో అందులో కొంత నిజముంది. మే నెలలో బీళ్లలో తిరిగే గొర్రెకు పావు కిలో దాణాతో పిల్ల అంత పెరగదు. నెల్లూరు పిల్ల పుట్టేటప్పుడు రెండున్నర నుంచి మూడు కిలోలుండాలి. తల్లిని మాడ్చితే రెండు కిలోలు కూడా లేని పిల్ల పుడుతుంది, తల్లికి మురిపాలు, అంటే ఈనగానే వచ్చే తొలి పాలు రావు, పిల్లకు లేచి చీకే ఓపిక ఉండదు. ఈతలో చచ్చే గొర్రెల కంటే ఈనిన వారంలో చచ్చే పిల్లలే మన మందల్లో ఎక్కువ నష్టం. పుట్టిన గంటలోపు మురిపాలు తాగించండి. కిలో బరువుకు 50 మిల్లీలీటర్ల లెక్కన మూడు కిలోల పిల్లకు తొలిసారే 150 మిల్లీలీటర్లు అందాలి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయండి. తల్లికి దాణా ఈనగానే ఆపవద్దు, పాలిచ్చే మొదటి రెండు నెలలు 300 గ్రాములకు తగ్గకుండా కొనసాగించండి.

ఒక పని మాత్రం ఈ వారంలోనే జరగాలి. తొలకరి గడ్డి మొలవగానే మీ ప్రాంతంలో చిటుకు రోగం (ఎంటెరోటాక్సీమియా) వస్తుంది. ఈతకు మూడు నాలుగు వారాల ముందు తల్లికి ఆ టీకా వేస్తే, ఆ రక్షణ మురిపాల ద్వారా పిల్లకు చేరుతుంది. మీకు సరిగ్గా ఇదే సమయం. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడిగితే ఏర్పాటు చేస్తారు. టీకా చల్లని పెట్టెలో తెచ్చిందేనా చూసుకోండి, పొద్దున్నే వేయించండి, వెంట్రుకలు పట్టి లాగకుండా, తలుపు దగ్గర తొక్కిసలాట లేకుండా ఒక్కొక్కటిగా పట్టండి. ఇంతకు ముందెప్పుడూ వేయించి ఉండకపోతే రెండు మూడు వారాలకు బూస్టరు కావాలి, దాని తేదీ అప్పుడే అడిగి తెలుసుకోండి. వేసిన రోజు పుస్తకంలో రాసిపెట్టుకోండి. పిల్లలకు మూడో నెల దాటాక టీకా ఎప్పుడు వేయాలో చెప్పడానికి పశువైద్యుడు అడిగేది ఆ తేదీనే.