లివర్ రైఫిల్‌తో మొదటిసారి వేటకెళ్తున్న తమ్ముడికి

తమ్ముడూ, ఆఫీసోళ్లు జింకల వేటకి పిలిచారు, లివర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరున్న పిడిని కిందికి లాగి మళ్లీ పైకి తోస్తే తూటా ఎక్కే తుపాకీ) ఇస్తామన్నారు, దాన్ని పట్టుకుని ఎలా నడవాలి అని అడిగావు. పిలిచారు కదా, వదులుకోకు. నేను 2004లో పెన్సిల్వేనియాలో ఒక చిన్న టౌన్లో దిగా, అప్పట్లో థ్యాంక్స్‌గివింగ్ తర్వాత సోమవారం సీజన్ మొదలయ్యేది (2019 నుంచి శనివారమే), ఆఫీసు ఖాళీ, స్కూళ్లకి కూడా సెలవే, నేనొక్కణ్నే రూములో పప్పన్నం తింటూ కూర్చున్నా, మూడు రోజులు ఎవరితోనూ మాట లేదు. ఆ మూడు రోజులు నాకింకా గుర్తే.

మరుసటేడు పక్కింటి పెద్దాయన తీసుకెళ్లాడు. మార్లిన్ 336 అనే లివర్ రైఫిల్ చేతికిచ్చి తెలుసా అంటే తెలుసన్నా. లైసెన్స్ కోర్సైతే చేశా గానీ, అంతకుముందు తుపాకీని మనూళ్లో బ్యాంకు గార్డు దగ్గర చూడటమే. లివర్ కొట్టా, తూటా ఛాంబర్లోకెళ్లింది (పేలే ముందు అది కూర్చునే చోటు), వెనక హ్యామర్, అంటే తూటాని పేల్చే సుత్తి, లేచి నిలబడింది, ఈలోపు జింక పోయింది. ఇక హ్యామర్ దింపాలంటే బొటనవేలితో దాన్ని పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి మెల్లగా వదలాలి, చలి, చేతికి గ్లౌజు, వేలు జారి పేలింది. ఆయన బూటుకి జానెడు దూరంలో మట్టి లేచింది. ఆయన ఒక్క మాటా అనలేదు, రైఫిల్ తీసుకుని ఖాళీ చేసి ఇంటిదారి పట్టాడు. తర్వాత రెండేళ్లు పిలవలేదు, మళ్లీ రూమూ నేనూ.

అందుకే చెప్తున్నా, నడిచేటప్పుడు ఛాంబర్ ఖాళీగా ఉండాలి, తూటాలు బ్యారెల్ కింద గొట్టంలోనే ఉండాలి. జింక కనిపించాక లివర్ కొట్టు, ఆ చప్పుడుకి అది పారిపోతే పోనీ. లివర్ ఆడించేటప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్ మీదకి పోనీకు. కాల్చకపోతే హ్యామర్ దింపే పని పెట్టుకోకు, తుపాకీ మూతి నేలకి తిప్పి, లివర్ మూసినప్పుడల్లా గొట్టంలోంచి ఇంకో తూటా ఛాంబర్లోకి వస్తుంది కాబట్టి, అన్నీ అయిపోయేదాకా లివర్ ఆడించి తూటాలు బయటికి తీసెయ్. పాత మోడళ్లకి సగం కాక్ గాడి (హ్యామర్‌ని సగంలో ఆపే గాడి) తప్ప వేరే సేఫ్టీ ఉండదు, 1980ల తర్వాత మార్లిన్లకి పక్కన బటన్ ఉంటుంది, అదుంది కదా అని ధీమా వద్దు. కంచె దాటినా, చెట్టు మీది స్టాండ్ ఎక్కినా, ఇంకొకరికి ఇచ్చినా ముందు మొత్తం ఖాళీ చేసి లివర్ తెరిచే ఉంచు. కార్లోకి కూడా అంతే. వరసగా నడిస్తే ముందున్నోడి మూతి ముందుకి, వెనకున్నోడిది వెనక్కి. మొనదేలిన తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పెడితే లోపలే పేలే ప్రమాదముంది, మొన చదునుగా ఉన్నవే అడుగు.

మిగతా వేటగాళ్లకి కనబడేందుకు వేసే ఆరెంజ్ జాకెట్టు, హెచ్1 వీసా వాళ్లు వేట లైసెన్స్ లేకుండా తుపాకీ ముట్టకూడదన్న రూలు, ఇవన్నీ నువ్వే చూసుకోగలవు.

ఆయన మూడో ఏడు మళ్లీ పిలిచాడు, ఈసారి నాకు తెలీదు నేర్పండి అన్నా, వంటగదిలో కూర్చోబెట్టి ఖాళీ రైఫిల్‌తో గంటసేపు నేర్పాడు. నువ్వు ఆ మాట మొదటి రోజే చెప్పెయ్.