వరద ప్రణాళికలో ఊరివాళ్లను ఏ దశలో కలపాలి?

ప్రణాళిక చూపించడానికి సభ పెడితే జనం గొడవపడి వెళ్లిపోతున్నారు, ఏం చేయాలని అడిగారు. అన్నీ తేల్చేశాక పిలిస్తే గొడవే మిగులుతుంది. ముంపు మ్యాపు చిత్తుప్రతిగా ఉన్నప్పుడే పిలవండి.

మ్యాపును పెద్దగా ప్రింటు తీసి బల్లమీద పరిచి, పెన్సిళ్లు వాళ్ల చేతికివ్వండి. కిందటి వరదలో నీళ్లు ఎటునుంచి వచ్చాయి, ఏ దారి ముందు మునిగింది, వాళ్లనే గీయమనండి. కంప్యూటర్ మోడల్‌కు కల్వర్టు కొలతలు తెలుసు. దాని నోటికి కొమ్మలు, ప్లాస్టిక్ అడ్డుపడితే నీళ్లు ఎగదన్ని ఏ వీధిలోకి మళ్లుతాయో ఆ వీధివాళ్లకే తెలుసు. గోడమీది వరద మరకను నేలనుంచి టేపుతో కొలిచి వదిలేయకండి. లెవెలింగ్ చేసి, అంటే సర్వే పరికరంతో దాని ఎత్తు తేల్చి, నది గేజి (నదిలో నీటిమట్టం చూపే కొలబద్ద) మట్టంతో కలిపితేనే అది లెక్కకు పనికొస్తుంది.

ఏటా 1 శాతం ముంపు అవకాశమంటే ఎవరూ పట్టించుకోరు. అదే 30 ఏళ్లలో ఒక్కసారైనా మునిగే అవకాశం దాదాపు 26 శాతమని చెప్పండి, ప్రశ్నలు మొదలవుతాయి.

ఎక్కువ తప్పులు జరిగేది హెచ్చరిక దగ్గర. గేజి అంకె ఒక్కటే చెబితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ మట్టానికి ఏ వీధి మునుగుతుందో, అప్పుడు ఎవరు ఎవరిని కదిలించాలో పేర్లతో రాయాలి. గడువును వెనకనుంచి లెక్కేయండి. మంచానపడ్డవాళ్లను తరలించడానికి 3 గంటలు, పశువులకు 2 గంటలు పట్టేచోట, హెచ్చరిక 4 గంటల ముందే వస్తుంటే, ఒకే బండి, ఒకే జట్టుతో ఆ పని పూర్తవదు. ఇంకా తక్కువ మట్టం దగ్గరే కదలాలి. అందువల్ల కొన్నిసార్లు వరద రాకుండానే ఇళ్లు ఖాళీ చేయాల్సి వస్తుంది. దీనికి ముందే అందరి ఒప్పుకోలు తీసుకోకపోతే రెండోసారి ఎవరూ కదలరు. జోరుగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లున్నా మనిషిని పడగొట్టగలవు కాబట్టి, నీళ్లు ఎక్కకముందే రోడ్డు మూసేయాలి.

కరకట్ట ఎత్తు పెంచమని అడిగేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. ఆ నీళ్లు అవతలి ఒడ్డుకో, దిగువకో పోతాయి కాబట్టి ఆ ఊళ్లవాళ్లనూ అదే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. నెదర్లాండ్స్‌లో 1995లో దాదాపు 2,50,000 మందిని ఖాళీ చేయించాక నదికే చోటు వదిలే పనులు చేపట్టారు. అక్కడి ఓవర్‌డీప్ పోల్డర్‌లో (పోల్డర్ అంటే చుట్టూ గట్లు కట్టి కాపాడుకునే పల్లపు నేల) ఇళ్లను ఎత్తైన దిబ్బలమీద కట్టుకుంటామని రైతులే ప్రతిపాదించారు. గట్టు తగ్గించి, పెద్ద వరదల్లో అక్కడికి నీళ్లు వదిలేలా చేశారు. అలాంటి ఒప్పందంలో పరిహారం ఎంత, ఎప్పుడిస్తారన్నది మొదటి పలుగు పడకముందే కాగితం మీద ఉండాలి.

చివరగా, కల్వర్టు పూడిక ఎవరు, ఏ నెలలో తీయాలో పేరుతో సహా రాయండి. ఫోన్ నంబర్లు ప్రతి వానాకాలం ముందు ఒక్కొక్కటీ మోగించి సరిచూడండి.