బ్రిక్సెనా, బ్రెస్సనోనేనా? దక్షిణ టిరోల్ ఊళ్ల పేర్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: హోటల్ వాళ్లు పంపిన కాగితంలో 'బ్రిక్సెన్' అని ఉంది. రైలు టికెట్టు మీదేమో 'బ్రెస్సనోనే' అని వచ్చింది. రెండూ ఒకటేనా? తప్పు ఊళ్లో దిగిపోతామేమోనని బెంగగా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఒకటేనండీ, ధైర్యంగా దిగండి. మొదటిది జర్మన్ పేరు, రెండోది ఇటాలియన్ పేరు. మన రైల్వే బోర్డు మీద ఒకే పేరు మూడు లిపుల్లో ఉంటుంది. అక్కడి బోర్డు మీద ఒకే లిపిలో రెండు పేర్లుంటాయి. చిక్కంతా అక్కడే.

ఇటలీ ఉత్తరాన, ఆస్ట్రియా సరిహద్దున ఉన్న ఈ దక్షిణ టిరోల్ మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియాది. 1919 నాటి సాన్ జెర్మాన్ ఒప్పందంతో ఇటలీ చేతికొచ్చింది. కొన్ని ఊళ్లకు ఇటాలియన్ పేర్లు పూర్వం నుంచీ ఉన్నాయి. మిగతా చాలావాటికి ఎత్తోరె తొలొమేయి అనే జాతీయవాది పేర్లు తయారుచేసి పెట్టాడు. 1923లో ఫాసిస్టు ప్రభుత్వం వాటినే అధికారిక పేర్లు చేసింది. జర్మన్ పేర్లకు మళ్లీ హోదా వచ్చింది 1946 పారిస్ ఒప్పందం తర్వాతే.

అందుకే శబ్దాన్ని బట్టి పోల్చుకుందామంటే కుదరదు. మెరాన్, మెరానో అయితే తెలిసిపోతాయి. స్టెర్జింగ్‌ను విపితేనో అంటారని, ఇన్నిఖెన్‌ను సాన్ కాందిదో అంటారని ఊహించడం ఎవరి తరం? పుస్తేరియా లోయకు రైలు మారే జంక్షన్ పేరు చూడండి. జర్మన్‌లో ఫ్రాన్జెన్స్‌ఫెస్టె, అంటే ఫ్రాన్జ్ కోట. ఇటాలియన్‌లో ఉత్త ఫోర్తెజ్జా, అంటే కోట. ఆస్ట్రియా చక్రవర్తి పేరు దారిలో రాలిపోయింది!

బుక్ చేసేటప్పుడు రెండు పేర్లూ, లోయ పేరూ, పిన్‌కోడ్ కలిపి రాసుకోండి. లోయ పేరు వదిలేస్తే ఏమవుతుందంటే, సాన్ మార్తినోలు రెండున్నాయి. 'ఇన్ బదియా' అంటే తూర్పున (39030), 'ఇన్ పస్సీరియా' అంటే మెరానో పైన (39010). రెంటికీ మధ్య కొండలు దాటే ప్రయాణం. పిన్‌కోడ్ ఒక్కటే నమ్ముకున్నా లాభం లేదు. 39030ని సెస్తో, బ్రాయెస్ లాంటి ఇంకొన్ని ఊళ్లూ వాడుకుంటున్నాయి.

ప్రశ్న: 'సెల్వా'లో గది తీసుకున్నాం. బోర్డు మీద మూడు పేర్లుంటాయట, ఎందుకని?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మూడోది లాదిన్. లాటిన్ నుంచి పుట్టిన పాత కొండభాష. 2011 జనాభా లెక్కల్లో దక్షిణ టిరోల్ మొత్తమ్మీద తమది లాదిన్ అని చెప్పినవాళ్లు నూటికి నాలుగున్నర మందే. అయినా గార్దెనా, బదియా లోయల్లోని ఎనిమిది మునిసిపాలిటీల్లో వాళ్లదే మెజారిటీ. మీ ఊరు లాదిన్‌లోనూ, ఇటాలియన్‌లోనూ 'సెల్వ', అంటే అడవి. జర్మన్‌లో మాత్రం వోల్కెన్‌స్టైన్. విడగొడితే మబ్బు, రాయి. అది అక్కడి కోట పేరు. గార్దెనా లోయకు ఇప్పుడు రైలు లేదు, 1960లో ఎత్తేశారు. రైలు దిగాక బస్సే.

ప్రశ్న: గది 'సాన్ కస్సియానో'లో, కానీ రసీదు మీద 'బదియా మునిసిపాలిటీ' అని ఉంది. మోసమేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లేదు. అక్కడ పంచాయతీ, మునిసిపాలిటీ అని రెండు అంతస్తులు లేవు. పల్లెకైనా పట్నానికైనా 'కొమూనె' ఒక్కటే. దక్షిణ టిరోల్‌లో అలాంటివి మొత్తం 116. సుమారు రెండొందల మంది ఉండే పొంతె గార్దెనా ఒక కొమూనె, లక్ష దాటిన బొల్జానో కూడా ఒక కొమూనెనే. సారెంతీనో కొమూనె విస్తీర్ణం మూడొందల చదరపు కిలోమీటర్ల పైమాటే. ఒక్కో దాని కింద శివారు పల్లెలు ఉంటాయి. సాన్ కస్సియానో అలా బదియా కింద ఉంది, కొల్ఫోస్కో కొర్వారా కింద ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి జర్మన్ భాషా పరీక్షలో బి2 స్థాయి పాసయ్యాడు. అక్కడ మునిసిపాలిటీ ఉద్యోగానికి అది సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: చాలదు. ప్రభుత్వ కొలువుకు జర్మన్, ఇటాలియన్ రెండూ వచ్చని ద్విభాషా ధ్రువపత్రం చూపాలి. ఉద్యోగ స్థాయిని బట్టి అది ఎ2 (ప్రాథమికం) నుంచి సి1 (ఉన్నతం) దాకా ఉంటుంది. ఇంటర్ చదువు అడిగే పోస్టుకు బి2, డిగ్రీ పోస్టుకు సి1. లాదిన్ లోయల్లో లాదిన్ కూడా కావాలి. పైగా పోస్టుల్ని మూడు భాషావర్గాల జనాభాను బట్టి పంచుతారు, కాబట్టి తాను ఏ వర్గమో ప్రకటించుకోవాలి. పౌరసత్వ నిబంధనలు సరేసరి. హోటళ్ల లాంటి ప్రైవేటు కొలువులకు ఈ ధ్రువపత్రం అక్కర్లేదు. కాకపోతే లోయల్లో జర్మన్‌తో పని జరిగినా, బొల్జానోలో ఇటాలియన్ రాకపోతే రోజు గడవడం కష్టం.