కంటి కబుర్లు: కాక్‌పిట్‌లో ఏ రంగు అద్దాలు?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. మాది తణుకు. ఉత్తర ప్రదేశ్‌లో కమర్షియల్ పైలట్ ట్రైనింగ్ తీసుకుంటున్నాను. సైట్ మైనస్ 1.25, కాంటాక్ట్ లెన్స్ వాడతాను. చిన్నప్పటి నుంచీ నాకు ఎండ పడదు. సాయంత్రం పూట పడమటి ముఖంగా ల్యాండింగ్‌కి దిగేటప్పుడు కళ్లెమ్మట నీళ్లు కారుతున్నాయి. ఫ్రెండ్ ఒకడు పసుపు అద్దాలు ఇచ్చాడు. వాటితో మంచులో కూడా భలే స్పష్టంగా కనబడుతోంది. ఇంకొకడు పోలరైజ్డ్ కొనమంటున్నాడు. రూముకొచ్చాక కూడా నల్లద్దాలు తీయబుద్ధి కావట్లేదు. ఏ రంగు, ఎంత నలుపు తీసుకోవాలి? మెడికల్‌లో పోతానేమోనని టెన్షన్‌గా ఉంది మేడమ్.

జవాబు: ముందు రూములో ఆ నల్లద్దాలు తీసేయండి. మిగతా సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

వెలుతురు పడనివాళ్లు అందరూ చేసే పని ఇది. ట్యూబ్‌లైట్ కింద కూడా నల్లద్దాలు పెట్టుకుంటే కన్ను చీకటికి అలవాటు పడిపోతుంది. మర్నాడు మామూలు వెలుతురు కూడా గుచ్చుకుంటుంది. దాంతో ఇంకా నల్లటివి కావాలనిపిస్తుంది. ఇంట్లో మానేస్తే కొన్నాళ్లు ఇబ్బందిగానే ఉంటుంది, ఓర్చుకోండి.

రెండోది, అద్దాలు కొనే ముందు కంటి డాక్టర్‌కి చూపించుకోండి. నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, డాక్టర్‌ని కాను. ముప్పై ఏళ్లుగా బేగంపేటలో కళ్లజోళ్లు ఇస్తున్నాను. పాత ఎయిర్‌పోర్ట్ నడిచినన్నాళ్లూ పైలట్లు యూనిఫారంలోనే వచ్చి కూర్చునేవారు. 2008లో విమానాలు శంషాబాద్ వెళ్లిపోయాక కూడా కొందరు వెతుక్కుంటూ వస్తున్నారు. 'వెలుతురు పడట్లేదు, నల్లగా చేసివ్వండి' అని వచ్చినవాళ్లలో చాలామందికి కావలసింది నలుపు కాదు, కంట్లో తడి. మీరు కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటారు. చిన్న విమానంలో గాలి గొట్టం సూటిగా మొహం మీదకే కొడుతుంది. రేపు పెద్ద జెట్ ఎక్కితే క్యాబిన్ గాలిలో తేమ 20 శాతం కూడా ఉండదు. కన్ను ఎండిపోతే వెలుతురు గుచ్చుకుంటుంది, నీళ్లు కారతాయి. నీళ్లు కారుతుంటే పొడిబారడం ఏమిటని అందరూ అడుగుతారు. ఎండిన కన్ను మండి, ఆ మంటకే నీళ్లు ఊరతాయి. ఆ గాలి గొట్టాన్ని పక్కకి తిప్పి, ఓ వారం కాంటాక్ట్ లెన్స్ మాని కళ్లజోడుతో ఎగిరి చూడండి. కన్ను ఎర్రబడి, నొప్పిపుట్టి, చూపు మసకబారితే మాత్రం వారం ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. తలనొప్పితో పాటు వెలుతురు పడకపోతే మైగ్రేన్ కావచ్చు. ఏదైనా సరే మెడికల్ ఎగ్జామినర్ దగ్గర దాచకండి. మామూలు పొడికన్ను అయితే దానికి వైద్యం ఉంది. దాచింది తర్వాత బయటపడితే సంజాయిషీ చెప్పుకోవడం చాలా కష్టం.

ఇక రంగు. ఒక తెల్ల కాగితం తీసుకుని ఎండలోకి వెళ్లండి. ఫ్రెండ్ ఇచ్చిన పసుపు అద్దాన్ని దాని మీద పట్టుకోండి. కాగితం మీద నీడ పసుపుగా పడుతుంది. అంటే ఆ అద్దం నీలం వెలుగుని మింగేస్తోంది. పల్చటి మంచు మసకలో, సన్నటి దుమ్ములో చెల్లాచెదురయ్యేది ఎక్కువగా నీలమే కాబట్టి అది పోగానే బొమ్మ తేటగా కనబడ్డట్టు ఉంటుంది. మీ ఫ్రెండ్ అబద్ధం చెప్పలేదు. కానీ అదే అద్దం పెట్టుకుని స్పీడ్ మీటర్ చూడండి. సెస్నా లాంటి విమానంలో ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దించే పలకలు) వాడదగ్గ స్పీడ్‌కి తెల్ల పట్టీ, జాగ్రత్తగా ఉండాల్సిన స్పీడ్‌కి పసుపు పట్టీ ఉంటాయి కదా. పసుపు అద్దంలోంచి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. గ్లాస్ కాక్‌పిట్, అంటే ముల్లు మీటర్ల బదులు స్క్రీన్లు ఉండేది అయితే ఇంకా తమాషా. స్క్రీన్ మీద దారి చూపించే మెజెంటా (ఎరుపూ నీలం కలిసిన రంగు) గీతలోంచి నీలం తీసేస్తే మిగిలేది ఎరుపు. మీరు వెళ్లాల్సిన దారి ఎర్రగా, వార్నింగ్ రంగులో కనబడుతుంది. రంగులు చూసే శక్తికి ఇషిహారా పుస్తకం పెట్టి అంత పరీక్ష చేశాక, ఆ రంగుల్ని మనమే పాడుచేసుకోవడం దేనికి? పసుపూ, నారింజా రెండూ వద్దు.

బూడిద రంగు తీసుకోండి, షాపులో 'గ్రే' అని అడగండి. అది అన్ని రంగుల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తుంది. ఎరుపు ఎరుపుగానే, ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంటుంది. అమెరికా ఏవియేషన్ శాఖ ఎఫ్ఏఏ కూడా పైలట్లకి ముందు చెప్పేది దీన్నే. దుమ్ము ఎక్కువున్న చోట కాస్త తేటగా కావాలంటే గ్రే-గ్రీన్ గానీ లేత బ్రౌన్ గానీ ఫరవాలేదు. మీ కంటికి నేనైతే గ్రేనే చేస్తాను.

పోలరైజ్డ్, అంటే నీళ్ల మీద, రోడ్డు మీద పడి కంట్లో కొట్టే మెరుపుని ఆపే అద్దం. దాని గురించి నా తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక కెప్టెన్‌గారికి నేనే పట్టుబట్టి పోలరైజ్డ్ ఇచ్చాను, 'సార్, ఇంతకంటే మంచివి లేవు' అని. పదిరోజులకి తిరిగొచ్చారు. కోపంగా లేరు, నవ్వుతున్నారు. తన ఫోన్ తీసి నా కౌంటర్ మీద పెట్టి, ఆ అద్దం నా చేతికిచ్చి, 'ఇందులోంచి చూస్తూ ఫోన్ తిప్పండమ్మా' అన్నారు. తిప్పాను. స్క్రీన్ మెల్లగా మసకబారి పూర్తిగా నల్లబడిపోయింది. 'తల వంచినప్పుడల్లా మా డిస్‌ప్లే ఇలాగే పోతోంది' అన్నారు. పైగా కాక్‌పిట్ అద్దం మీద ఇంద్రధనుస్సు మరకలు కనబడుతున్నాయట. దూరంగా ఎదురొచ్చే విమానం రెక్క మీద తళుక్కుమనే మెరుపు చూసే కదా దాన్ని ముందుగా పసిగట్టేది? పోలరైజ్డ్ అద్దం అలాంటి మెరుపుని కూడా మింగేయగలదు. డ్రైవింగ్‌కి, చేపలు పట్టడానికి చాలా బాగుంటాయి, విమానానికి పనికిరావు. ఆయన డబ్బు వెనక్కిచ్చేశాను. షాపువాడు ఏం చెప్పినా మీరు మాత్రం ఈ ఫోన్ పరీక్ష చేయకుండా కొనకండి.

ఎంత నలుపు అన్నదగ్గరే మీలాంటి వాళ్లు ఎక్కువ పొరపాటు పడతారు. సుమారు 15 శాతం వెలుతురు లోపలికి రానిచ్చే అద్దం చాలు. కేటగిరీ 3 అని రాసి ఉంటుంది, అంటే 8 నుంచి 18 శాతం. కేటగిరీ 4 అయితే 3 నుంచి 8 శాతమే, దాన్ని కారు నడపడానికే ఒప్పుకోరు. బయట ఎండ ఎంతున్నా మీ మీటర్లు ఉండేది ప్యానెల్ నీడలో. మరీ నల్లటివి పెట్టుకుంటే బయట హాయిగా ఉంటుంది, లోపల మాత్రం మీటరు కోసం తడుముకోవాలి. మీ కంటికి నేను గ్రేడియంట్ చేస్తాను: పైన 15 శాతం, కిందికి వచ్చేసరికి 30 దాకా తేలిక. తల ఎత్తితే ఆకాశం, దించితే మీటర్లు. యూవీ 400 అని ఉందో లేదో చూసుకోండి, అంటే కంటికి కనబడని అతినీలలోహిత (యూవీ) కిరణాల్ని ఆపే అద్దమని. నలుపు ఉండి యూవీ అడ్డు లేకపోతే కంటిపాప విచ్చుకుని యూవీ ఇంకా ఎక్కువ లోపలికి వెళ్తుంది. కిలోమీటరు పైకెళ్లేకొద్దీ యూవీ సుమారు 10 శాతం పెరుగుతుంది కూడా.

ఎండకి వాటంతటవే నల్లబడే ఫోటోక్రోమిక్ వద్దు. అవి నల్లబడాలంటే యూవీ కావాలి, దాన్ని విమానం అద్దమే చాలావరకు ఆపేస్తుంది. మైగ్రేన్ వాళ్లకిచ్చే ఎఫ్ఎల్-41 అనే గులాబీ టింట్ ఒకటుంది. అది కంప్యూటర్ ముందు, ట్యూబ్‌లైట్ కింద కొందరికి మేలు చేస్తుంది. అదీ రంగులు మారుస్తుంది కాబట్టి కాక్‌పిట్‌లోకి తీసుకెళ్లకండి.

పవర్ వేయించిన కూలింగ్ గ్లాసెస్ చేయించుకున్నా, మామూలు తెల్లద్దాల జత ఒకటి బ్యాగులో ఉండాల్సిందే. పైలట్ దగ్గర అదనపు జత ఉండాలన్నది నిబంధన. చీకటి పడ్డాక గ్రే అద్దాలు స్పేర్‌గా పనికిరావు. ఫ్రేము కాడలు సన్నగా, తిన్నగా ఉండాలి. లావుగా ఉంటే హెడ్‌సెట్ మెత్త వాటి మీద నొక్కి, గంట తిరిగేసరికి కణతలు పోటెత్తుతాయి, సందులోంచి ఇంజన్ మోత కూడా వస్తుంది. క్యాప్ పెట్టుకుంటే నడినెత్తిన గుండీ పీకేయండి, హెడ్‌సెట్ పట్టీ కింద అదో నరకం.

ఇంకొక్క మాట. సాయంత్రం ఎగిరే ముందు విండ్‌స్క్రీన్ నీళ్లతో కడిగి మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. గీతలు, పురుగుల మరకలు ఉన్న అద్దం మీద ఎదురెండ పడితే మొత్తం తెల్లగా చెదిరిపోతుంది, ఎంత మంచి గ్రే అయినా దాన్ని ఆపలేదు.

ప్రశ్న: మా అబ్బాయి దోహాలో పైలట్. పుట్టినరోజుకి రే-బాన్ పంపిద్దామనుకుంటున్నాను. పైలట్లకి అవే మంచివంటారు, నిజమేనా? — ఒక అమ్మ, తెనాలి

జవాబు: నిజమేనమ్మా, ఆ ఏవియేటర్ ఫ్రేము మొదట పైలట్ల కోసం పుట్టిందే. బాష్ అండ్ లాంబ్ వాళ్లు 1937లో అమ్మకానికి పెట్టారు. జీ-15 అనే గ్రే-గ్రీన్ అద్దం ఉన్నది అడగండి. ఆ 15 అంటే లోపలికి వచ్చే వెలుతురు 15 శాతం అని. అద్దం మూల పేరు పక్కన ఇంగ్లీషు 'పి' అక్షరం ఉంటే అది పోలరైజ్డ్, తీసుకోకండి. అబ్బాయికి సైట్ ఉంటే మాత్రం సర్‌ప్రైజ్ కుదరదు, పవర్ చీటీ ఫోటో పంపమనండి.