ఇరుకు వీధి చల్లన ఎందుకు?

ప్రశ్న: బరంపురంలో మా పాత వీధి ఇరుకు, ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. అయినా మధ్యాహ్నం వెడల్పు రోడ్లున్న మా కొత్త కాలనీ కంటే అక్కడే హాయిగా ఉంటుంది. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు గమనించింది నిజమేనమ్మా. సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశాన ఉన్న మీ ఊరిలో మే నెల మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అయితే ఉత్తర దక్షిణాలుగా సాగే ఇరుకు వీధిలో పొద్దు వాలుతుండగానే పడమటి వరుస ఇళ్ల నీడ అరుగులు దాటి ఎదుటి గోడ మీదికి పాకుతుంది, వెడల్పు రోడ్డు మాత్రం చాలాసేపు ఎండలోనే కాగుతుంది. రాత్రి మాత్రం ఇరుకు వీధికే ఇబ్బంది: పైన ఆకాశం కొద్దిగానే కనిపిస్తుంది కనుక గోడల్లోని వేడి త్వరగా పోదు. అందుకే గోపాలపురం వైపు నుంచి వచ్చే సముద్రపు గాలికి వీధి మొగను కట్టడాలతో మూయకూడదు. కాలనీ రోడ్డుకు పడమటి అంచున వేప, కానుగ మొక్కలు నాటించండి. వేసవికి ముందే డాబాకు తెల్లసున్నం వేయించండి.