టెక్ సందేహాలు: ఆ నల్ల ప్లేట్లకు స్పిరిట్ పూసే ముందు...

ప్రశ్న: మా తాతగారి ట్రంకు పెట్టెలో గ్రామఫోన్ ప్లేట్లు బయటపడ్డాయి. కొన్ని బరువుగా, కొన్ని పల్చగా ఉన్నాయి. అన్నిటికీ తెల్లటి బూజు. సెల్ రిపేరు షాపువాళ్లు ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్) సీసా ఇచ్చి దాంతో తుడవమన్నారు. మా అత్తయ్య సర్ఫ్ నీళ్లలో నానబెట్టమంటోంది. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకురాలు, పర్లాకిమిడి)

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకండి. ముందు ప్లేట్లను రెండు కుప్పలు చేయండి. మధ్యలో ఉన్న లేబుల్ చూడండి. 78 స్పీడువి (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) ఒక పక్కన, 33, 45 స్పీడువి ఇంకో పక్కన పెట్టండి.

బరువుగా ఉన్నవి దాదాపుగా 78లే అయి ఉంటాయి. వాటిని లక్కతో చేశారు. మన ఒడిశా, జార్ఖండ్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కే అది. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించి బీరువాలకు పాలిష్ వేస్తారు కదా. మీరు ఐపీఏతో తుడిస్తే మీ ప్లేటుకు జరిగేదీ అదే. పైపొర కరిగి పాట పోతుంది, మళ్లీ రాదు. శానిటైజర్, సర్జికల్ స్పిరిట్ కూడా అంతే. షాపువాళ్లను తప్పు పట్టలేం. సర్క్యూట్ బోర్డుకు ఐపీఏ మంచిదే, వాళ్లకు తెలిసింది అది.

78లకు డిస్టిల్డ్ వాటర్, అందులో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. మైక్రోఫైబర్ గుడ్డ తడిపి, గట్టిగా పిండి, గాడి తిరిగిన దారిలోనే గుండ్రంగా తుడవండి. వెంటనే ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి, పొడిగుడ్డతో తడి తీసేయండి. నానబెట్టొద్దు. పగులు కనిపిస్తే అసలు తడపొద్దు, పొడి బ్రష్‌తో సరిపెట్టండి.

పల్చటివి వినైల్, అంటే పీవీసీ. 1948లో అమెరికాలో ఎల్పీలు (33 స్పీడు లాంగ్ ప్లే ప్లేట్లు) వచ్చాక ఇవే రాజ్యమేలాయి. మీ ఐపీఏ సీసా పనికొచ్చేది వీటికే, అదీ పల్చన చేశాకే. నాలుగు పాళ్లు డిస్టిల్డ్ వాటర్‌కు ఒక పాలు ఐపీఏ, లీటరుకు రెండు చుక్కలు గిన్నెల లిక్విడ్. కలిపేటప్పుడు దగ్గర్లో పొయ్యి, అగరబత్తి ఉండకూడదు, భగ్గుమంటుంది. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో దొరుకుతుంది. ‘బ్యాటరీ నీళ్లు’ అని అడగండి. పక్కనే యాసిడ్ సీసాలు కూడా పెడతారు, లేబుల్ చదివి తెచ్చుకోండి. బోరు నీళ్లు మాత్రం వద్దు. అవి ఆరాక మిగిలే ఉప్పు గాడిలోనే గట్టిపడుతుంది.

చాలామంది కడగడం బాగానే కడుగుతారు, జాడించడం దగ్గర బద్ధకిస్తారు. గాడిలో సబ్బు మిగిలితే ముల్లు దాన్ని ఉండలా చుట్టుకుంటూ పోతుంది. సర్ఫ్ వద్దనేది అందుకే. కాబట్టి రెండుసార్లు జాడించండి, లేబుల్‌కు మాత్రం తడి తగలనివ్వకండి. తర్వాత ప్లేట్ల స్టాండులో నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. ఎండ, హెయిర్ డ్రయర్ రెండూ ప్లేటును వంకర చేస్తాయి.

బూజు దులిపేటప్పుడు మాస్కు వేసుకుని పెరట్లో కూర్చోండి. లోపలి కాగితం కవర్లు పారేసి కొత్తవి వేయండి, లేకపోతే వచ్చే వానాకాలానికి బూజు మళ్లీ హాజరు. ఫెవికాల్ పూసి, ఆరాక ఒలిచే వీడియోలు కూడా మీ కంట పడతాయి. వినైల్ మీద అది పనిచేసే మాట నిజమే. కానీ పొర మధ్యలో తెగితే గాడిలో ఇరుక్కున్న ముక్కను తీయడం నరకం. లక్క ప్లేట్ల మీద ఆ ప్రయోగమే వద్దు.

ప్రశ్న: కొత్తగా సూట్‌కేస్ ప్లేయర్ కొన్నాను. ఎల్పీని ఎంత కడిగినా టిక్ టిక్ పోవడం లేదు. (బరంపురం)

జవాబు: ఆ టిక్‌ను గడియారం పెట్టి వినండి. 33 స్పీడులో ప్లేటు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. సరిగ్గా ఆ లెక్కన వస్తుంటే అది గీత, కడిగినా పోదు. చిటపటమని ఇష్టం వచ్చినట్టు వస్తుంటే దుమ్మో, స్టాటిక్కో (ప్లేటు మీద పేరుకునే స్థిర విద్యుత్తు) అయి ఉంటుంది. పాట పెట్టే ముందు కార్బన్ ఫైబర్ బ్రష్‌ను రెండు చుట్లు ఆనించండి. ముల్లును కూడా ఓసారి లెన్సులో చూడండి. దూది పోగులా ఏదైనా వేలాడుతుంటే చిన్న బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే లాగండి. అటూ ఇటూ రుద్దితే ముల్లే ఊడొస్తుంది. ఇక చవక సూట్‌కేస్ ప్లేయర్ల ముల్లు ప్లేటు మీద మోపే బరువు ఎక్కువ. అపురూపమైన ప్లేట్లను దాని మీద పదేపదే తిప్పకపోవడం మేలు.

ప్రశ్న: 78 ప్లేట్లను లాప్‌టాప్‌లోకి ఎక్కించాలి. నా ప్లేయర్‌లో 33, 45 మాత్రమే ఉన్నాయి. (గుణుపురం)

జవాబు: 45లో తిప్పి రికార్డు చేయండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎఫెక్ట్ మెనూలో స్పీడ్ మార్చే ఆప్షన్ ఉంది. అందులో 45 నుంచి 78కి అని ఎంచుకుంటే పాట మామూలు శ్రుతికి వస్తుంది. ఎల్పీ ముల్లు మాత్రం వాడకండి. 78ల గాడి వెడల్పు. సన్న ముల్లు దాని అడుక్కు దిగి అక్కడి మట్టినంతా వినిపిస్తుంది. 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు అని అడగండి, మీ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించే భాగం) మోడల్‌కు సరిపోయేది దొరుకుతుందేమో చూడండి. గరగర తగ్గించే ఫిల్టర్లు వాడే ముందు, ఏమీ మార్చని రికార్డింగును వేవ్ ఫైలుగా వేరే డ్రైవులో దాచండి. ఫిల్టర్ అతిగా వేస్తే గొంతు కూడా కొట్టుకుపోతుంది. అప్పుడు వెనక్కి వెళ్లడానికి ఆ ఫైలు ఉండాలి.