గంజాయి టెస్టుల మీద పనిచేస్తానంటే భయమెందుకమ్మా?

ప్రశ్న: మా అమ్మాయి కెమిస్ట్రీతో డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. క్రీడాకారుల డోప్ టెస్టుల మీద, ముఖ్యంగా గంజాయి ఎప్పుడు వాడారో కనిపెట్టడం మీద పనిచేస్తానంటోంది. ఫోరెన్సిక్ సైన్స్‌లో చేర్చాలా, అనలిటికల్ కెమిస్ట్రీలోనా? అసలు ఉద్యోగాలుంటాయా? ఆడపిల్ల గంజాయి మధ్య పనిచేస్తుందంటే బంధువులు ఏమనుకుంటారో! - ఒక తల్లి

జవాబు: అమ్మా, బంధువుల మాట చివర్లో రాశారు గానీ మీ అసలు దిగులు అదేనని తెలిసిపోతూనే ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కోర్సు పేరు మారుతుంది, భయం మాత్రం అదే. అమ్మాయిని ఒక్కసారి కూర్చోబెట్టి, "ఇందులో నీకు నచ్చిందేమిటి?" అని అడిగారా? అడిగి ఉంటే ఉత్తరం ఇలా ఉండేది కాదు. ఆమె ఎంచుకున్నది చాలా గట్టి సమస్య.

గంజాయి పొగ పీల్చిన కొద్ది నిమిషాల్లోనే మత్తునిచ్చే టీహెచ్‌సీ రక్తంలో ఒక్కసారిగా పెరుగుతుంది, కొన్ని గంటల్లోనే బాగా పడిపోతుంది. కాలేయం దాన్ని కార్బాక్సీ టీహెచ్‌సీగా మారుస్తుంది. మూత్రంలో వెతికేది దీన్నే. చిక్కేమిటంటే, టీహెచ్‌సీ కొవ్వులో చేరి, అక్కడి నుంచి మెల్లగా బయటికొస్తుంది. పోటీ ముందు రాత్రి రెండు దమ్ములు పీల్చినవాడు ఒకడు, రోజూ తాగి వారం కిందటే మానేసినవాడు ఇంకొకడు అనుకోండి. మూత్రంలో రెండోవాడి అంకే ఎక్కువ రావచ్చు. ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ, అంటే వాడా, గంజాయిని నిషేధించింది పోటీ సమయంలో మాత్రమే. ఆ సమయం మామూలుగా ముందు రోజు రాత్రి 11.59కి మొదలవుతుంది. నిబంధన అడిగేది ఎప్పుడని, మూత్రం చెప్పేది ఎంతని.

ఎప్పుడో వాడినవాళ్లు ఇరుక్కోకూడదని 2013లో మూత్రంలో పరిమితిని మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల నుంచి 150కి పెంచారు. 1998 నగానో ఒలింపిక్స్‌లో స్నోబోర్డ్ స్వర్ణం గెలిచిన కెనడా ఆటగాడు రాస్ రెబగ్లియాటికి వచ్చింది 17.8. పతకం లాక్కుని, తర్వాత తిరిగిచ్చారు. ఇవాళైతే ఆ అంకెను ఎవరూ పట్టించుకోరు. 2021లో అమెరికా రన్నర్ షకారీ రిచర్డ్‌సన్ ఒలింపిక్స్ ఎంపిక పోటీల్లో (ట్రయల్స్) గెలిచి కూడా నెల రోజుల నిషేధంతో టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగుకు దూరమయ్యారు. ఆమె వాడానని ఒప్పుకున్నారు. "నేను వాడింది ఎప్పుడో" అని వాదించేవాళ్ల సంగతేమిటి? పరిమితి పెంచినంత మాత్రాన దానికి జవాబు దొరకలేదు. రోజూ తాగేవాళ్ల రక్తంలో మానేసిన చాలా రోజులకూ కాస్త టీహెచ్‌సీ మిగులుతుంది. ఊపిరిలో అయితే మామూలుగా కొన్ని గంటలే ఉంటుంది, కానీ అతి స్వల్పం. దాన్ని నమ్మకంగా పట్టుకోవడమే కష్టం. మీ అమ్మాయి తల పెడతానంటున్నది ఇక్కడ.

ఇక కోర్సు. ఫోరెన్సిక్ సైన్స్ మోజు మీద నాకు మొదటి నుంచీ అనుమానాలున్నాయి. క్రైమ్ సీరియళ్లు చూసి చేరే పిల్లలు ఎక్కువ, చదువు ముగిశాక దొరికే పోస్టులు తక్కువ. వేలిముద్రలు, చేతిరాత, తుపాకీ గుళ్లు, సైబర్ నేరాలు, అన్నీ తలా కాస్త నేర్పుతారు. అందులో కెమిస్ట్రీ పలచబడిపోతుంది. డోప్ ల్యాబ్‌కు కావలసిన మనిషి వేరు. అణువులను బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ నడపాలి, అది మొరాయిస్తే కారణం పట్టుకోవాలి, శాంపిల్ చేతులు మారిన ప్రతిసారీ సంతకం ఉందో లేదో చూసుకోవాలి, తను రాసిన అంకెను లాయర్ ముందు నిలబెట్టుకోవాలి. టాక్సికాలజీ, అంటే విషాలు, మత్తుమందులు శరీరంలో ఏం చేస్తాయో చెప్పే శాస్త్రం, గట్టిగా నేర్పే ఫోరెన్సిక్ కోర్సు దొరికితే కాదనను. లేదంటే దేంట్లో ఏముందో, ఎంతుందో తేల్చే అనలిటికల్ కెమిస్ట్రీకే నా ఓటు.

వాడా గుర్తింపు ఉన్న ల్యాబ్‌లు ప్రపంచం మొత్తమ్మీద 30 దాకా మాత్రమే ఉన్నాయి. అది దాచను. కానీ అక్కడి యంత్రాలే మందుల కంపెనీల్లో, ఆసుపత్రుల్లో, ఆహార పరీక్షల్లో, నీటి పరీక్షల్లో ఉంటాయి. చేతిలో పని ఉన్న పిల్ల ఖాళీగా కూర్చోదు, టెన్షన్ పడకండి.

గంజాయి మధ్య పనిచేయడం అన్నారు కదా, ఆమె ముందుండేవి సీలు వేసిన మూత్రం సీసాలు, పోల్చి చూసుకోవడానికి చిన్న గాజు ఆంప్యూల్. అందులో మిథనాల్‌లో కలిపిన టీహెచ్‌సీ మామూలుగా ఒక మిల్లీగ్రాము. వాడిన ప్రతి చుక్కకూ లెక్క రాస్తారు. బంధువులు అడిగితే ఇదే చెప్పండి. మీకు చెప్పడం ఇబ్బందైతే అమ్మాయినే చెప్పనివ్వండి, మీకన్నా బాగా చెబుతుంది.

అప్లికేషన్ పెట్టేముందు ఇద్దరూ కలిసి ఆ కాలేజీ ల్యాబ్‌కు వెళ్లండి. ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం (శాంపిల్‌లోని పదార్థాలను విడదీసి మాస్ స్పెక్ట్రోమీటర్‌తో గుర్తుపట్టేది) ఉందా అని మాత్రమే అడిగి వచ్చేయకండి. విద్యార్థులను దాని మీద స్వయంగా పనిచేయనిస్తారా అని అడగండి. మందు శరీరంలో ఎలా తిరుగుతుందో చెప్పే ఫార్మకోకైనెటిక్స్, దానితో పాటు స్టాటిస్టిక్స్ సిలబస్‌లో ఉన్నాయో లేదో అమ్మాయిని చూసుకోమనండి.